గడప లోపల కుర్చీ

ఇది ఒక మహాగాథ. నిప్పులు కురిసే ఆకాశం కింద, ఎర్రమట్టి నేల మీద, చేతిలో ఒక్క కెమెరాతో పదకొండేళ్ళు చావుకు ఎదురు నిలిచిన ఒక యోధుడి కథ.

అని మొదటి పేరా రాసి నాలుగు రోజులు అక్కడే ఆగిపోయాను. ముందుకు సాగాలంటే అబద్ధాలు రాయాలి. ఆ యోధుడు చావుకు ఎదురు నిలవలేదు. రెండుసార్లు ఫోన్ ఆపేసుకొని మేనత్త ఇంట్లో దాక్కున్నాడు. పదకొండేళ్ళలో ఎక్కువ కాలం అతని చేతిలో ఉన్నది కెమెరా కూడా కాదు, తెల్ల పంచె. కాబట్టి ఇది మహాగాథ కాదు. లైట్లు లేకుండా, ఇళ్ళ దగ్గరికే పోయి, పగటి వెలుతురులో మనుషుల ముఖాలు తీయడం నేర్చుకున్న ఒక పిరికివాడు, ఆ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాసిన నాలుగు ముక్కలు.

నాకిప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఈ వయసులో రిటైరయ్యానంటే జనం నవ్వుతారు, నేనూ నవ్వుతాను. చేతుల మీద, మెడ మీద మచ్చలు లేచి దురద పెడుతుంటే చర్మం డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, మీ ఒంటికి ఎండ పడదు, ఎండలో తిరగొద్దు అన్నాడు. అనంతపురంలో ఆ మాట రోగికి ఎదురుగా చెప్పాలంటే డాక్టరుకు ధైర్యం కావాలి. ఇప్పుడు బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం పెట్టుకున్నాను. వెనక గదిలో ఒక తెల్ల తెర, రెండు ట్యూబులైట్లు, ఒక స్టూలు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీస్తాను. అక్కడ ఫోటో తీయించుకున్నవాళ్ళెవరూ చనిపోవడం లేదు. పోతున్నా ఆ కబురు నా దాకా రావడం లేదు.

అప్పుడప్పుడూ కొత్తగా కెమెరా కొన్న పిల్లలు దుకాణానికొచ్చి, ఏ లెన్సు మంచిదన్నా అని అడుగుతారు. నేను భయం గురించి చెప్పడం మొదలుపెడతాను. వాళ్ళు జిరాక్సులు తీసుకొని వెళ్ళిపోతారు. అందుకే రాస్తున్నాను. కాగితమైతే ఎవరు మధ్యలో లేచి పోయారో మనకు తెలియదు.

మూడడుగులు

నాకు పని నేర్పింది బాషా అన్న. పాతూరులో చిన్న స్టూడియో ఆయనది. సన్నటి మనిషి, చెవిలో ఎప్పుడూ అత్తరు దూది. స్టూడియోలో లైటు మూడోసారి కాలిపోయిన రోజు ఇక జన్మలో లైట్లు కొననని ఒట్టు పెట్టుకున్నాడట. "పైన ఒగ లైటు పెట్టినాడు కదరా దేవుడు. వైరింగు లేదు, ఫ్యూజు పోదు" అనేవాడు.

నేను డిగ్రీ అయిపోయి, ఏ ఉద్యోగమూ రాక, కళాకారుణ్ణి అవుదామని ఆయన దగ్గర చేరాను. మొదటిరోజు మిట్టమధ్యాహ్నం నన్ను దుకాణం ముందు రోడ్డు మీద నిలబెట్టి ఫోటో తీశాడు. కెమెరా తెర మీద చూపించాడు.

"చూడు. నీ కండ్లు యాడుండాయి?"

కళ్ళుండాల్సిన చోట రెండు నల్లటి గుంతలున్నాయి. ముక్కు కింద ఇంకో నీడ, మీసంలాగా. నడినెత్తిన సూర్యుడుంటే మన వైపు ఎవరి ముఖమైనా పుర్రెలాగానే ఉంటుందని ఆ రోజు తెలిసింది. తర్వాత నా భుజం పట్టుకొని షట్టరు లోపలికి మూడడుగులు నడిపించి, బయటికి చూడమని మళ్ళీ తీశాడు. ఈసారి కళ్ళున్నాయి. రెండింటిలోనూ బయటి వీధి చిన్న తెల్ల చుక్కలాగా మెరుస్తోంది.

"మూడడుగులు. ఇంతే విద్య. మిగతాదంతా లెన్సులు అమ్మేటోళ్ళు చెప్పే కత" అన్నాడు.

నేను ఆ రోజే నేర్చేసుకున్నాననుకున్నాను. ఈ అపోహ నాకు ఎనిమిది నెలలుంది. మీకు ఇంకా తొందరగా పోవాలని కోరుకుంటున్నాను.

విడపనకల్లులో నీళ్ళు

అపోహ పోయింది విడపనకల్లులో. ఒక పెద్దాయనకు అరవై నిండిన సందర్భం. బాషా అన్నకు జ్వరం, నన్నొక్కడినే పంపాడు. ఎండ భరించలేనట్టుంది. ఇంటి ముందు నీలి టార్పాలిన్ కట్టారు. దాని కింద చల్లగా, నీడగా, అందరి ముఖాల మీద ఒకే రకం వెలుతురు. అన్న చెప్పిన మూడడుగులు ఇక్కడే ఉన్నాయి కదా అని కుటుంబం మొత్తాన్ని అక్కడే కూర్చోబెట్టి తీశాను. టార్పాలిన్ నీలం కిందికి కారుతోందని నాకు తోచలేదు. అక్కడ నిలబడి చూస్తే మన కన్ను సర్దుకుంటుంది, తెలియదు. కెమెరా సర్దుకోదు.

బాషా అన్న స్టూడియోలో తెర మీద చూశాడు. దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కొని, "వీండ్లంతా నీళ్ళలో మునిగి సచ్చినోళ్ళ మాదిరి ఉండారు కదరా. విడపనకల్లు పక్క అన్ని నీళ్ళు యాడివి?" అన్నాడు.

కంప్యూటరులో సరిచేస్తానన్నాను. వినలేదు. ఆ నీలి ఫోటోలు ప్రింటు తీసి నా చేతికిచ్చి, బస్సెక్కి పోయి వాళ్ళకు చూపించి, తప్పు నాదేనని చెప్పి, మళ్ళీ తీసుకొని రమ్మన్నాడు. ఆ పెద్దాయన ఫోటో చూసి నవ్వలేదు. "మా ఆడోళ్ళకు చూపించొద్దప్పా, భయపడతారు" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నేను సిగ్గుపడ్డానే తప్ప భయపడలేదు. భయపడడం తర్వాత నేర్చుకున్నాను.

పనికొచ్చే ముక్క ఏమిటంటే, ముఖం మీద పడేది సూర్యుడి వెలుతురు ఒక్కటే కాదు. నెత్తిన ఏముందో, కాళ్ళ కింద ఏముందో అది కూడా ముఖం మీదికొస్తుంది. ఎర్రమట్టిలో నిలబెడితే గడ్డం కింద ఎర్రబడుతుంది. వేపచెట్టు కింద నిలబెడితే ముఖం నిండా చిల్లులు పడ్డట్టు ఎండ చుక్కలు. తాడిపత్రి నల్ల బండల మీద కూర్చోబెడితే కింది నుంచి ఏ వెలుతురూ రాదు, ముఖం సగం మిగులుతుంది. వీటన్నిటికీ మందు ఒక తెల్ల పంచె. ఒళ్ళో పరిస్తే కింది నుంచి మెత్తగా వెలుగు లేస్తుంది. అమ్మకానికి వెండిరంగు అట్టలూ గొడుగులూ ఉంటాయి. పంచెకు ఒక మేలుంది, ఇంటికి పోయేటప్పుడు నెత్తిన వేసుకోవచ్చు.

కూర్చోబెట్టడం

మా పనిలో సగం పటాలు. ఇంట్లో ముసలివాళ్ళు పోతే గోడకు పెద్ద పటం కట్టించాలి. పోయాక ఫోటో కోసం వెతికితే ఏ పెళ్ళి గుంపులోనో మూలన సగం తల దొరుకుతుంది. అందుకని మనిషి మంచం పట్టగానే, తెలివైన కొడుకులు మమ్మల్ని పిలుస్తారు. "మా ఇండ్లల్లో గోడలకు మనుషుల పటాలు పెట్టరు. మీ ఇండ్ల గోడలతో నా ఇల్లు నడస్తాండాది" అని బాషా అన్న నవ్వేవాడు.

పల్లె ఇళ్ళల్లో మంచి వెలుతురు ఎక్కడుంటుందంటే, సరిగ్గా గడపకు మూరన్నర లోపల. ముఖం వాకిలి వైపు పెట్టి కూర్చోబెడితే ముడతలు కూడా గౌరవంగా కనిపిస్తాయి. చిక్కు ఒకటే. గడప దగ్గర కూర్చోవడం మన వాళ్ళకు నచ్చదు. పైగా మా వైపు కొన్ని ఇళ్ళల్లో పోయినవాళ్ళను పడుకోబెట్టరు. గోడకో కుర్చీకో ఆనించి, కూర్చోబెట్టి, తెల్లబట్ట కప్పి, కడసారి చూడడానికి వాకిలికి ఎదురుగా పెడతారు. అంటే నేను పదకొండేళ్ళు చేసిన అమరికే అది. కొలతలతో సహా.

ఈ సంగతి నాకు గార్లదిన్నె పక్కన ఒక పల్లెలో తెలిసింది. హనుమంతప్ప తాత ఎనభై దాటిన మనిషి, చెనిక్కాయ, అంటే వేరుశెనగ, పండించే రైతు. దగ్గు ఎక్కువైందని కొడుకు పిలిపించాడు. కుర్చీ వేశాను, ఒళ్ళో పంచె పరిచాను, కిందా ఒకటి పరిచాను. బయటి వెలుతురుకు తాత కళ్ళు చికిలిస్తున్నాడు. దానికో చిట్కా ఉంది. కళ్ళు మూసుకోమని, మూడు లెక్కపెట్టి, తెరవగానే తీయాలి.

"కండ్లు మూసుకో తాతా. నేను చెప్పినాక తెరువు."

తాత బుద్ధిగా మూసుకున్నాడు. ఇంట్లోవాళ్ళు నలుగురూ చుట్టూ చప్పుడు లేకుండా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే పక్కింటి లచ్చుమక్క నెత్తిన గడ్డిమోపుతో చేను నుంచి వచ్చింది. వాకిట్లో నుంచి లోపలికి చూసింది. గడ్డిమోపు కింద పడేసింది.

"ఓ మామా, మొన్న ఆకువక్క అడిగితివి కదా, లేదని అబద్ధం చెప్తిని కదా మామా" అని గుండెలు బాదుకుంటూ అందుకుంది. ఏడుపు విని ఎదురింటి నుంచి ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు, వచ్చీ రాగానే వాళ్ళూ అందుకున్నారు.

తాత కళ్ళు తెరిచాడు. "ఎవురు పోయినారే లచ్చుమీ?"

లచ్చుమక్క ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. "నువ్వే మామా" అంది.

"నాకెవురూ చెప్పలేదే" అన్నాడు తాత. తర్వాత తనే నవ్వడం మొదలుపెట్టాడు. పళ్ళు లేని నోటితో, ఒళ్ళంతా ఊగేలా. నేను తీశాను. అంత మంచి ఫోటో అప్పటిదాకా తీయలేదు. లచ్చుమక్క కొంగులో నుంచి ఆకువక్క తీసి తాత చేతిలో పెట్టడం కూడా తీశాను.

పంతొమ్మిదో రోజు తాత కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఆ ఫోటో అర్జెంటు" అన్నాడు.

అర్జెంటు

ఒక్కటైతే మామూలే. ముసలాయన, దగ్గు, పోయాడు. తర్వాత తాడిపత్రిలో ఒక అయ్యవారి భార్య. రెండు వారాలు. మళ్ళీ అదే మాట, ఫోటో అర్జెంటు. తర్వాత నారాయణ. ఈయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి, గట్టిగా ఉన్నాడు, ఏ జబ్బూ లేదు, తనే ఫోన్ చేసి పిలిపించుకున్నాడు. కుర్చీలో కూర్చొని, "ముప్పైయేండ్లు అద్దంలో ఎనకోళ్ళ మొగాలే చూసినా, ఇప్పుడు నా మొగం చూస్తా" అన్నాడు. బాగా నవ్వుకున్నాం. మూడో రోజు ఆయన కొడుకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. ఆ అబ్బాయి ఏమంటాడో తెలుసు కాబట్టి ఎత్తలేదు. మూడుసార్లు మోగి ఆగిపోయింది. కాసేపటికి మెసేజి వచ్చింది. ఒకే మాట.

ఆ రోజు నుంచి ఫోన్ మోగితే ముందు ఏ ఊరిదో చూసుకొనేవాణ్ణి. ఎవరినైనా గడప లోపల కూర్చోబెట్టి కెమెరా ఎత్తితే, వేలు బొత్తాం మీద ఆగిపోయేది. మీరు నమ్ముతారో లేదో, నేను కళ్ళు మూసుకోమని చెప్పే చిట్కా మానేశాను. మూసుకున్న కళ్ళు మళ్ళీ తెరుచుకుంటాయో లేదోనని మూడు దాకా లెక్కపెట్టలేకపోయేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి. డిగ్రీలో ఫిజిక్సు. వెలుతురు గురించి రెండు పేపర్లు రాసి పాసయ్యాను. దేంట్లోనూ ఇది లేదు.

ఊళ్ళకూ తెలిసిపోయింది. గార్లదిన్నెలో ఒక ముసలమ్మ నన్ను చూసి లోపలికి పోయి గడియ పెట్టుకుంది. "ఆ పిల్లోడొద్దు, వేరేటోన్ని పిలవండి" అని లోపలి నుంచి వినిపించింది. దానికి సరిగ్గా తలకిందులైన కేసు కూడా ఒకటి వచ్చింది. ఒకామె ఫోన్ చేసింది.

"అన్నా, మా అత్తది పటానికి ఫోటో తీయాల. రేపే రావాల."

"ఆమెకు ఒళ్ళు బాగాలేదా అమ్మా?"

"బాగానే ఉండాదన్నా" అని ఒక క్షణం ఆగి, "అదే కదా" అంది.

నేను పోలేదు. ఆ అత్తగారు ఇప్పటికీ ఉందని విన్నాను. ఆమెకు నేను చేసిన మేలు ఆమెకు తెలియదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఇక్కడ ఒక మాట. నేను ఈ భయాన్ని బాషా అన్నకు చెప్పకుండా దాచాను. పనిలో తప్పు చేస్తే బస్సెక్కించి పంపే మనిషి, భయపడితే ఏం చేస్తాడోనని. అది తప్పు. నా పదకొండేళ్ళలో పెద్ద తప్పు నీలి టార్పాలిన్ కాదు, ఇది.

నాయన

మా నాయన తాడిపత్రిలో బండల పాలిషు పనిలో ముప్పైయేళ్ళు చేశాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. ఆ రాతిపిండి అంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. దాని మీద గుండె కవాటం చెడింది. బెంగుళూరులో ఆపరేషన్ అన్నారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, గుండె పని సులభమే, ఈ ఊపిరితిత్తులతో మత్తు నుంచి లేస్తాడా అన్నదే చెప్పలేను అన్నాడు. గురువారం రోజు పెట్టుకున్నారు. బుధవారం పొద్దున బయలుదేరాలి. నేను ఆదివారం తాడిపత్రికి చేరాను.

సంచి దించకముందే నాయన అడిగాడు. "ఊరందరిదీ తీస్తావు. నాదెప్పుడు తీస్తావు?"

"ఆపరేషనయ్యి వచ్చినాక తీస్తా నాయనా."

"వచ్చినాక ఎందుకురా? వస్తే నేనే ఉంటా కదా, నన్నే చూసుకోండి. రాకుంటేనే కదా పటం కావాల్సింది."

 నాయన గోడ వైపు చూస్తూ, "రాకుంటే మీరు ఏం చేస్తారో నాకు తెలుసు. ఓటు కార్డులో ఫోటోను ఇంత పెద్దది చేయించి కొడతారు. దాంట్లో నేను బ్యాటరీలు ఎత్తుకపోతా దొరికినోని మాదిరి ఉండా. ఇంగ సచ్చినాక అన్ని రోజులూ ఆ మొగంతోనే ఉండాల నేను" అన్నాడు.

ఓటు కార్డు ఫోటో నేనూ చూశాను. నాయన చెప్పిందాంట్లో అతిశయోక్తి లేదు.

తీస్తానని చెప్పి సంచి విప్పాను. కెమెరాలో బ్యాటరీ లేదు. సంచంతా వెతికాను. అమ్మ వంటింట్లో అటు తిరిగి నిలబడి కూరగాయలు తరుగుతోంది. తలెత్తలేదు. ఊళ్ళల్లో అనుకునే మాట తాడిపత్రి దాకా వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. బ్యాటరీ ఎవరు దాచారో కూడా తెలిసింది. అడగలేదు. నిజం చెప్పాలంటే, సంతోషించాను. బ్యాటరీ స్టూడియోలో మరిచిపోయానని నాయనకు చెప్పాను.

సోమవారం మబ్బు పట్టింది. ఏడాదంతా ఆకాశం కేసి చూసినా కనిపించని మబ్బు ఆ రోజు నా కోసమే వచ్చినట్టు వచ్చింది. "బ్యాటరీ దొరికినా వెలుతురు లేదు నాయనా" అన్నాను.

"మబ్బుంటేనే మొగానికి మంచిదని నువ్వే కదప్పా చెప్పింటివి" అన్నాడు. ఇంట్లోవాళ్ళకు మన పని గురించి ఎక్కువ చెప్పకూడదు. అవసరానికి అబద్ధం ఆడలేం.

మంగళవారం, పక్క వీధిలో బ్యాటరీ అడిగి తెస్తానని బయటికి పోయాను. ఎవరినీ అడగలేదు. సిమెంటు లారీలు పోయే రోడ్డు పక్కన టీ అంగడిలో కూర్చొని పొద్దు గుంకేదాకా లారీలు లెక్కపెట్టాను. ఇంటికొచ్చేసరికి గడపకు మూరన్నర లోపల కుర్చీ ఉంది. ఎవరూ కూర్చొని లేరు. కుర్చీ చేతి మీద తెల్ల పంచె మడత పెట్టి ఉంది.

"మూడు గంటల నుంచి కూసున్నాడురా" అంది అమ్మ. "చొక్కా మార్చుకున్నాడు. తల దువ్వుకున్నాడు. వాడు వస్తానే ఉంటాడు, వెలుతురు పోతాదేమో అని నన్ను తిడతా కూసున్నాడు."

ఆ రాత్రి కుర్చీని గడప దగ్గర నుంచి ఎవరమూ తీయలేదు.

బుధవారం పొద్దున ఏడింటికి ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. సంచులు ఎక్కిస్తున్నాను. అమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. చింతపండు జాడీలో చెయ్యి పెట్టినట్టుంది, వేళ్ళకు గుజ్జు అంటుకొని ఉంది. బ్యాటరీని కొంగుకు తుడిచి నా చేతిలో పెట్టింది.

"తీయి" అంది. 

నాయన అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు. సరిగ్గా మూరన్నర. ముఖం వాకిలి వైపు. పంచె ఒళ్ళో పరుచుకొని అంచులు కూడా సర్దుకున్నాడు. మా ఇంటి వాకిలి పడమటి వైపు, కాబట్టి పొద్దున పూట అక్కడ ఎండ ఉండదు, మెత్తటి వెలుతురే. పదకొండేళ్ళలో నాకు దొరికిన వెలుతురుల్లో అదే అన్నిటికన్నా మంచిది. కెమెరా ఎత్తాను. మొదటి ఫోటో వణికింది. రెండోది వణికింది. మూడో దానికి గోడకు ఆనుకున్నాను, గోడ కూడా వణికినట్టుంది. నాయన ముఖం నాకు నాయన ముఖంలాగా కనిపించడం లేదు. హనుమంతప్ప తాత, అయ్యవారి భార్య, డ్రైవరు నారాయణ, ముగ్గురూ అదే కుర్చీలో వరసగా కూర్చొని నా వైపు చూస్తున్నట్టుంది.

ఆటో అతను హారన్ కొట్టాడు.

నాయన నన్ను చూసి పెదవి ఒక పక్కకు లాగి, "నీకేమప్పా భయం? కోసేది నన్ను కదా" అన్నాడు.

అప్పుడు తీశాను. అది వణకలేదు.

బెంగుళూరు

గురువారం నాయనను లోపలికి తీసుకెళ్ళారు. నేను వరండాలో కుర్చీలో కెమెరా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. పది గంటలు గడిచాయి. ఆ ఫోటోను తుడిచేస్తే ఏమైనా మేలు జరుగుతుందేమోననిపించింది. తెర మీదికి తెచ్చుకున్నాను. తుడిచే బొత్తాం మీద వేలు పెట్టాను. తుడిచేస్తే, నాయన రాకపోతే, ఓటు కార్డే మిగులుతుంది. తుడవకపోతే, నాయన రాకపోతే, నేనే చంపినట్టు. నాయన లేచి వస్తే, ఫోటో ఏదిరా అని మొదట అదే అడుగుతాడు. మూడు దారులూ చూసి, ఏదీ తేల్చుకోలేక బాషా అన్నకు ఫోన్ చేశాను. ఏడాది దాచింది మొత్తం ఆ వరండాలో చెప్పేశాను.

ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంతా అయ్యాక, "పిచ్చోడా, నిన్ను ఎప్పుడు పిలుస్తారురా జనాలు?" అన్నాడు.

"పటానికి."

"పటానికి ఎప్పుడు పిలుస్తారు? డాక్టరు చేతులెత్తేసినాక. సచ్చేటోళ్ళ దగ్గరికి నువ్వు పోతాండావు, నువ్వు పోయినావని వాళ్ళు సావడంలేదు. మన గోపాలు పెండ్లి ఫోటోలు తీస్తాడు. వాడు తీసినోళ్ళందరికీ పెండ్లి అయ్యింది. వాని కెమెరా మహిమేనా అది?"

"డ్రైవరు నారాయణకు ఏ జబ్బూ లేదు కదన్నా."

 "ఆయన కొడుకు పటం తీసుకపోను వచ్చినప్పుడు చెప్పినాడు. నెల నుంచి గుండెల్లో నొప్పంట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదంట. నీకు మాత్రం ఫోన్ చేసినాడు."

నాకు తర్కం అర్థమైంది. భయానికి అర్థం కాలేదు. వేలు ఇంకా బొత్తాం మీదే ఉంది. అప్పుడు తలుపు తెరుచుకొని ఒక నర్సు వచ్చింది. నాయన పేరు పిలిచి, "ఆయన కడే వాళ్ళు యారు? బన్ని, అర్జెంటు" అంది సగం కన్నడంలో, రమ్మని చెయ్యి ఊపుతూ.

 గోడ పట్టుకొని లేచాను. కెమెరా ఒళ్ళో నుంచి జారింది, పట్టీ మెడలో ఉండబట్టి ఆగింది. ఆమె దగ్గరికి పది అడుగులు. ఆ పది అడుగుల గురించి ఏమీ రాయను.

"ఓటు కార్డు జిరాక్సు రెండు కావాలి. ఫైల్లో లేదు. క్యాంటీన్ పక్కన తీస్తారు" అంది నర్సు.

నాయన ఎలా ఉన్నాడని అడిగాను. లేచారు, నీళ్ళు అడుగుతున్నారు, ఇప్పుడే ఇవ్వకూడదు అని చెప్పి తలుపు వేసుకుంది.

జిరాక్సు దుకాణం ముందు దొంగ ముఖంతో ఉన్న నాయన రెండు కాపీలు చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడ్డాను. దుకాణం అతను ఫ్యాను కింద చల్లగా కూర్చొని ఉన్నాడు. ఎవరి చావుతోనూ పని లేనివాడిలాగా ఉన్నాడు. ఇది మంచి పని అనుకున్నాను.

మూడో రోజు నాయనకు కెమెరా తెర మీద ఫోటో చూపించాను. దగ్గరికి పెట్టుకొని, దూరం పెట్టుకొని చూశాడు. "మెడ కాడ బొత్తాం పెట్టుకోలేదు చూడు. ఒగ మాట చెప్పకూడదారా" అన్నాడు.

ఎదురు గోడ

పటం పెద్దది కట్టించాను. కట్టే అతను అలవాటు కొద్దీ దానికి చెక్కపొట్టు దండ కూడా వేసి ఇచ్చాడు. తీసేద్దామంటే నాయన ఒప్పుకోలేదు, ఊరికే వచ్చింది ఉండనీ అన్నాడు. వాకిట్లో నిలబడితే కనిపించాలని తనే దగ్గరుండి తలుపుకు ఎదురు గోడకు కొట్టించుకున్నాడు.

ఆపరేషన్ సంగతి విని పలకరించడానికి చుట్టాలు వచ్చేవాళ్ళు. గడప దగ్గరికొచ్చి, ఎదురుగా దండతో పటం చూసి, అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పక్కన మంచం మీద నుంచి నాయన, "లోపలికి రా అప్పా. కాఫీ తాగి ఏడుద్దువు" అనేవాడు. ఈ ఆట ఆయనకు ఎంత నచ్చిందంటే, ఎవరైనా వస్తున్నారని తెలిస్తే ముందే మంచం తలుపు చాటుకు జరుపుకునేవాడు.

నాకు మాత్రం భయం పూర్తిగా పోలేదు. తర్వాత నాలుగేళ్ళు పటాలు తీశాను. కొందరు పోయారు, కొందరు ఉన్నారు. ప్రతిసారీ కెమెరా ఎత్తే ముందు ఒక క్షణం వేలు ఆగేది. ఆ క్షణంలో ఎదుటి మనిషి ముఖం సరిగ్గా చూసేవాణ్ణి. బొత్తాం, జుట్టు, కళ్ళల్లో వాకిలి చుక్క. భయం వల్ల నాకు జరిగిన మేలు అంతే. తర్వాత ఒంటి మీద మచ్చలొచ్చాయి. మిగతాది మొదటే చెప్పాను.

మొన్న తాడిపత్రి పోతే నాయన నన్ను చెయ్యి పట్టుకొని పటం దగ్గరికి తీసుకెళ్ళాడు. దాంట్లో ఎరుపు పోయింది, పసుపు పోయింది. నీలం ఒక్కటి మిగిలింది. విడపనకల్లు మనుషుల్లాగా, నీళ్ళ అడుగు నుంచి చూస్తున్నట్టు ఉంది ముఖం. బొత్తాం ఉందో లేదో కూడా తెలియడం లేదు.

"నేనుండా. పటం పోయింది" అన్నాడు నాయన, ఏదో పందెం గెలిచినట్టు.

ఫోటో కంప్యూటరులో భద్రంగా ఉందని, మళ్ళీ ప్రింటు తీయిస్తానని చెప్పాను. కొత్తది కట్టించాను కూడా. మా తలుపు పడమటి వైపు కదా, మూడింటి నుంచి ఎండ నేరుగా వచ్చి ఎదురు గోడ మీద పడుతుంది, రోజూ పడితే ఎంత మంచి ప్రింటైనా నాలుగేళ్ళకు వెలిసిపోతుంది. పటాన్ని పక్క గోడకు కొట్టించుకోండి. మేకు రెండంగుళాలది చాలు.